నేను బిగించిన జాకెట్టు

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, ఎన్నోసార్లు మింగేశాను. మా ఆయనకి చెప్పలేదు. ఆయన పోయేదాకా పక్కనే ఉన్నాను, అయినా చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. పోనీ దేవుడికి చెప్పానా? శ్రీకూర్మం వెళ్ళినప్పుడల్లా మమ్మల్ని చల్లగా చూడమని అడిగానే గాని ఈ సంగతి ఎత్తలేదు. ఇన్నేళ్ళూ గుండెల మీద బండ మోస్తూనే తిరిగాను. పైకి మాత్రం మంచిదాన్నే. మా వైపు ఎవరిని అడిగినా ఉత్తమురాలంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మంట వాళ్ళ మీద కాదు.

అరవైల చివరి మాట ఇది. నా మెట్టినిల్లు పాతపట్నం పక్కన ఒక పల్లె. మా మామగారికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన, అంటే మా బావ, పొలం చూసుకునేవాడు. చిన్నాయన మా ఆయన. ఆయనకి విజయనగరం దగ్గర జూటు మిల్లులో పని. అక్కడ నలుగురు మగాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. అందుకని నన్ను అత్తారింట్లోనే ఉంచాడు. పెళ్ళయి మూడేళ్ళయినా నా మొగుడు నాకు చుట్టంలాగే వచ్చి పోయేవాడు. మా వైపు తిరిగే చిన్నపట్టాల రైలు, ఆ చిన్నరైలు దిగేవాడు, నాలుగు రోజులుండేవాడు, మళ్ళీ ఆ చిన్నరైలే ఎక్కేవాడు. రైలు కూత వినబడితే అన్నం సహించేది కాదు నాకు.

బావ భార్య నా తోటికోడలు. మా వైపు అక్కని అప్ప అంటాం. నేనూ అలాగే పిలిచేదాన్ని. అప్ప భారీ మనిషి. ఆమె నడిచొస్తుంటే వసారాలో కోళ్ళు పక్కకి తప్పుకునేవి. ఎవరైనా లావని ఎగతాళి చేస్తే వాళ్ళకంటే ముందు తనే పగలబడి నవ్వేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో మూల కూర్చుని ఏడుస్తుంటే, ఏమీ అడక్కుండా నా కంచంలో రెండో గరిటె కూర వేసి, తినేదాకా ఎదురుగా కూర్చున్న మనిషి. అలాంటి మనిషికే నేను ఈ పని చేశాను. ఎవరో గిట్టనివాళ్ళకి చేసుంటే ఇంత బరువు ఉండేది కాదేమో.

ఆమెకి కడుపులో పుండు. నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషను చేయించారు. కడుపు సగానికి పైగా తీసేశారు. బతికి ఇంటికొచ్చింది గాని తిండి మాత్రం పిట్ట తిండి అయిపోయింది. చోడంబలి, అదే రాగి అంబలి, నాలుగు గుక్కలు తాగితే చాలు, కడుపు నిండిపోయిందనేది. ఒళ్ళు దిగిపోవడం మొదలుపెట్టింది. మొదట్లో అందరికీ సంబరమే. సన్నబడి ఎంత బాగుందో అన్నారు. ఆమెకీ కాస్త ముచ్చటగానే ఉండేది.

చీరకేముంది, ఎవరికైనా చుట్టుకుంటుంది. తిప్పలంతా జాకెట్లతోనే. ఈ నెల సరిపోయింది పై నెలకి భుజాల మీంచి జారిపోయేది. ఒళ్ళు ఒకచోట నిలిచేదాకా కొత్తగుడ్డ దండగన్నారు మామగారు. నాకు పుట్టింటివాళ్ళిచ్చిన చేతి మిషనుంది. కుట్టుపని నాకే అప్పజెప్పారు. పాత జాకెట్లకి పక్క కుట్లు లోపలికి పట్టి ఇచ్చేదాన్ని. అవి ఎంతకని పడతాం? పర్లాకిమిడి నుంచి గంప నెత్తిన పెట్టుకుని సత్తుగిన్నెలావిడ వచ్చేది. పాతబట్టలు తీసుకుని గిన్నెలివ్వడం ఆమె బేరం. నేను ఆ బేరాన్ని తిరగేశాను. చోడ్లు కొలిచి పోసి ఆమె మూటలోంచి జాకెట్లు ఏరుకునేదాన్ని. రైతు ఇంటి కోడలు ఎవరో విడిచిన బట్ట కట్టిందంటే మా అత్త ఊరుకుంటుందా? అందుకని ఉడకబెట్టి, కుట్లన్నీ విప్పి, మళ్ళీ కుట్టి, సంతలో ముక్కలు చవగ్గా దొరికాయని చెప్పేదాన్ని. అప్పకి మాత్రం తెలుసు. తొడుక్కుంటూ నా చెవిలో నవ్వేది.

"ఇన్నాల్లూ గుడ్డ సాల్లేదని తిట్టేవోరు. ఇప్పుడు మిగిలిపోతందని ఏడుస్తన్నారు. ఇది ఎవులిదే సెల్లీ, పెద్దింటోల్లదేనా?"

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాగానే ఉంటుంది. అప్పటికి నేను ఏ తప్పూ చెయ్యలేదు.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు బావకి ఒక మాట గట్టిగా చెప్పాడు. కొన్నాళ్ళు చిక్కుతుంది, భయపడొద్దు. ఆ తరవాత ఒళ్ళు ఆగాలి. ఆగిన ఒళ్ళు మళ్ళీ తగ్గుతుంటే మాత్రం ఒక్క రోజు ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి. మరి తగ్గుతోందో లేదో తెలిసేదెలా? ఊళ్ళో ఉన్నది ధాన్యం కాటా ఒకటే. బావ ఆ మాట ఎత్తగానే మామగారు ఎగిరిపడ్డారు.

"దాన్యం బస్తా అనుకున్నావేటిరా? నా కోడల్ని కాటా ఎక్కిస్తావేటి? నలుగురూ సూసి నవ్వరా?"

అప్పుడు నేనే ఉపాయం చెప్పాను. చూడండి, ఆ ఉపాయం కూడా నాదే. ఒళ్ళు నిలిచినట్టు అనిపించాక ఒక్క కొత్త జాకెట్టు కుడతాను, గాలి చొరకుండా ఒంటికి అతికినట్టు కుడతాను, ప్రతి సంత రోజూ అప్ప అది తొడుక్కుంటే చాలు, వదులైతే తెలిసిపోతుంది అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. నీలం పాప్లిను తెచ్చారు. కుట్టాను. సరిగ్గా సరిపోయింది. కొన్ని సంతలు గడిచాయి, అలాగే ఉంది. డాక్టరు చెప్పినట్టే ఒళ్ళు ఆగిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడే మా ఆయన వచ్చాడు. మిల్లుకి దగ్గర్లో ఒక గది, ఒక వంటపంచ అద్దెకి దొరికాయన్నాడు. నన్ను పంపమని తండ్రిని అడగడానికి పాపం రెండు రోజులు తటపటాయించాడు. మామగారు సరేనన్నారు. కోతలయ్యాక వెళ్ళమన్నారు. అత్త మాత్రం ఒక మెలిక పెట్టింది. పెద్దది నిలదొక్కుకుంటేనే వెళ్ళాలి, దానికి మళ్ళీ ఆసుపత్రంటే బావ కూడా వెళ్ళిపోతాడు, ఇంటినీ వాళ్ళ పిల్లల్నీ ఎవరు చూస్తారంది. న్యాయమైన మాటే. నేనూ తలూపాను. ఆ రాత్రి మా ఆయన ఆ వంటపంచలో పొయ్యి ఎటువైపు ఉందో చెబుతుంటే నాకు నిద్ర పట్టలేదు.

కోతలు మొదలయ్యాయి. ఒక సంత రోజు అప్ప నీలం జాకెట్టు తొడుక్కుని చేతులెత్తింది. చంకల కింద గుడ్డ ముడతపడింది. ఆ ముడత ఆమె చూసుకోలేదు. నేను చూశాను. కుట్టినదాన్ని కదా, నా కన్నే ముందు అక్కడికి పోయింది. కాస్త వదులుగా ఉందేమిటే అని ఆమె అన్నప్పుడు, ఉతికితే గుడ్డ సాగుతుందప్పా అన్నాను. పాప్లిను సాగుతుందా? సాగదు. ఆ సంగతి ఇంట్లో ఒక్క నాకే తెలుసు.

ఆ అబద్ధం నోరు జారి వచ్చిందని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. కావచ్చు. తరవాత చేసింది నోరు జారడం కాదు. మధ్యాహ్నం అందరూ కళ్ళంలో ఉన్నారు. దండెం మీంచి జాకెట్టు తీశాను. మిషను ముందు కూర్చున్నాను. పక్క కుట్లు లోపలికి పట్టాను. పాత కుట్టు దారం పోగు పోగునా ఏరేశాను. లోపల మిగిలిన గుడ్డని, ఎవరైనా విప్పి చూసినా తెలియకుండా, కత్తెరతో కత్తిరించి పొయ్యిలో వేశాను. అప్పుడు నేనేం అనుకున్నాను? కొద్దిగా తగ్గింది అంతే, మళ్ళీ పుంజుకుంటుంది, ఈలోగా అందర్నీ ఎందుకు కంగారు పెట్టడం అనుకున్నానా? అనుకున్నాను, నిజమే. కానీ ఆ మాట కింద ఇంకో మాట ఉంది. అది ఆ వంటపంచలో పొయ్యి, ఆ గది, ఆ మనిషి. మూడేళ్ళు చాలు, నేనింక ఉండలేను అనే మాట. గుడ్డముక్క కాలుతుంటే తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. మంచి ఉద్దేశంతో చేసేవాళ్ళు తలుపు వైపు చూస్తారా?

పై సంత రోజు పొద్దున్నే అప్ప నన్ను కేకేసింది.

"ఒసే సెల్లీ, ఇలగ రా. సూడు. హుక్కు పెట్టడానికి ఊపిరి బిగపట్టాల్సొచ్చినాది."

"అవునా అప్పా?"

"అవునా ఏటే? ఒల్లు పట్టినాది. ఏదీ, సెయ్యెట్టి సూడు."

చెయ్యి పెట్టి చూశాను. గుడ్డ బిగుతుగా ఉంది. దాని కింద పక్కటెముకలు నా వేళ్ళకి తగిలాయి.

"నా మనసు కోసం సెప్పకు. కుట్టుపని తెలిసినదానివి నువ్వు. నిజం సెప్పు, పట్టినాదా?"

"పట్టినాదప్పా."

ఆమె ముఖం విప్పారింది. నన్ను దగ్గరికి లాక్కుంది. "అయితే నువ్వింక ఎల్లిపో. నా కోసం సూడకు. నీ మొగుడక్కడ గెంజి కాసుకుని తాగుతన్నాడు, పాపం" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ చేతుల్లో ఉండగానే చెప్పాల్సింది. చెబితే తిట్టేది కూడా కాదు. నేను చెప్పలేదు. నా మనసులో ఉన్నది సంతోషమని చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అసహ్యించుకోండి. ఉన్నది అదే.

తరవాత ఒకరోజు పెరట్లో అరటి చెట్ల వెనక ఆమె కక్కుకోవడం విన్నాను. మూతి తుడుచుకుంటూ వచ్చి, పైత్యం చేసిందంది. మజ్జిగ ఇవ్వనా అన్నాను. అంతే. నేను బయల్దేరే ముందు మరోసారి జాకెట్టు తీశాను. ఈసారి అవసరమైనదానికంటే ఎక్కువే పట్టాను. నేను లేనప్పుడు వదులు కాకుండా. ఆలోచించి, కొలిచి మరీ పట్టాను.

వెళ్ళిపోయాను. అబద్ధమెందుకు, అక్కడ సుఖంగా ఉన్నాను. మిల్లు కూతకి మా ఆయన వెళ్ళేవాడు, మిల్లు కూతకి వచ్చేవాడు. వేడివేడిగా వండి పెట్టేదాన్ని. అప్ప గుర్తొస్తే వేరే పని కల్పించుకునేదాన్ని. ఇంకా వంటపంచ గోడకి పొగ కూడా పట్టకముందే కబురొచ్చింది. అప్ప పడిపోయిందనీ, ఆసుపత్రికి తీసుకెళ్ళారనీ, ఇంత చిక్కిపోయేదాకా ఏం చేస్తున్నారని అక్కడ కోప్పడ్డారనీ. మేం వెళ్ళేసరికి అప్ప లేదు. ముందే తీసుకెళ్తే బతికేదా? ఏమో. బతికేది కాదేమో. ఆ "ఏమో" పట్టుకుని చాలా ఏళ్ళు ఈదాను. ఒడ్డు తగల్లేదు.

ఇక్కడితో ఆగితే, ఒక పిచ్చిపిల్ల మొగుడి కోసం చేసిన తప్పని మీరు జాలిపడవచ్చు. ఆగకూడదు. అసలైన తప్పు తరవాతది.

కర్మ అయిన రోజు బావ వసారాలో కూర్చుని అందరికీ చెబుతున్నాడు. "నాకు అనుమానంగానే ఉన్నాది. రెండుసార్లు బండి కట్టినాను. ఆ జాకెట్టు తొడుక్కొచ్చి ఎదురుగా నిలబడీది. ఇంత బిగుతుగా ఉంటే నానెందుకు పోవాలి, మల్లా కడుపు కోయించుకోడానికా అనీది. నాను బండి ఇప్పీసినాను. రెక్క పట్టుకుని ఎక్కించాల్సినోడిని. దద్దమ్మని. నానే సంపుకున్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళు ఓదారుస్తున్నారు. ఆయన నా వైపు తిరిగాడు. తమ్ముడి భార్యతో ఎప్పుడూ ముఖం చూసి మాట్లాడని మనిషి, ఆ రోజు నా కళ్ళలోకి చూసి అడిగాడు.

"నువ్వు కుట్టినదే గదమ్మా. బిగుతుగానే ఉండీది గదా?"

"ఉండీది బావా" అన్నాను.

ఆ తరవాత బావ చాలా ఏళ్ళు బతికాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పిల్లల్ని పెంచాడు, పెళ్ళిళ్ళు చేశాడు. కలిసినప్పుడల్లా, కాఫీ తాగుతూనో, మడత మంచం వాలుస్తూనో, ఏదో ఒక సందు చూసుకుని అదే మాట అడిగేవాడు. నేను అదే జవాబు చెప్పేదాన్ని. చివరికి మంచం పట్టి మాట తడబడుతున్నప్పుడు కూడా, బండి ఇప్పీసినాను, బండి ఇప్పీసినాను అని గొణిగేవాడట. ఒక్క మాటతో ఆయన్ని విడిపించగలిగినదాన్ని నేను. ఆ మాట నా దగ్గరే ఉంది. ఆయన పిల్లలు నన్ను పిన్నీ అని ప్రాణం పెట్టి పిలుస్తారని, ఆ పిలుపు పోతుందని, ముసలితనంలో నలుగురిలో తల ఎలా ఎత్తుకోవాలని, దాచుకున్నాను. మొదటిసారి నా కాపురం కోసం, రెండోసారి నా పరువు కోసం. ఆయన ఏ తప్పూ చెయ్యకుండానే తప్పుచేసినవాడిగా పోయాడు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగవలసినవాళ్ళిద్దరూ లేరు. మీ క్షమ నాకు పనికిరాదు కూడా. ఉన్నదున్నట్టు ఒక్కసారి బయటికి అంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది, అంతే. ఊపిరి కాస్త ఆడుతోంది.

బావా, మీరు బండి విప్పినందుకు అప్ప పోలేదు. ఆ జాకెట్టు నేనే బిగించాను. అప్ప చిక్కిపోతోందని నాకు తెలుసు. తెలిసే కుట్టాను.