వాన లేకుండా పెరిగిన నీళ్ళు

కనకమామిడి దగ్గరి ఒక చెరువుకు ఎంకయ్య నలభై ఏళ్ళుగా నీరడి. తూము ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఏ పూట నీళ్ళు పోవాలో చెప్పడం అతని పని. అతని తండ్రి చేసిందీ అదే. ఇప్పుడు ఆ చెరువు కింద పొలాలు తగ్గి ఫామ్‌హౌస్‌లు పెరిగాయి. బోర్లు వచ్చాక తూము అవసరం పెద్దగా లేదు. అయినా నీళ్ళ మాట వస్తే జనం ఎంకయ్యనే అడుగుతారు. ఈసారి అలుగు పారుతుందా, మడుగులో బర్రెలను దింపవచ్చా, అన్నీ.

అతను నీళ్ళ అంచున ఒక వేపపుల్ల గుచ్చుతాడు. పొద్దున గుచ్చి సాయంత్రం వెళ్ళి చూస్తాడు. తర్వాత ఒక మాట చెప్తాడు. ఆ మాట తప్పినట్టు ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. నీళ్ళ విషయంలో "తెల్వది" అన్న మాట అతని నోట భార్య నీలమ్మ కూడా వినలేదు.

ఎండాకాలంలో పట్నం నుంచి కార్లు వచ్చి, ఫొటోల కోసం ఎండిన చెరువులోకి దిగి కూరుకుపోతుంటాయి. వాటిని ఎక్కడ నిలపాలో చూపించేది కూడా ఎంకయ్యే. నేల మీద మడిమతో గట్టిగా తంతాడు. "మడిమ దిగకుంటే బండి దిగది" అంటాడు.

మొన్న ఫిబ్రవరిలో అతని అల్లుడు జగదీశ్ సముద్రం చూసి వద్దామన్నాడు. జగదీశ్ మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్‌ను తిప్పే, పదిమంది పట్టే బండి నడుపుతాడు. ఫోన్లో వెతికి దారి పెట్టుకున్నాడు. మొదట చీరాల దగ్గర ఓడరేవు, తర్వాత బాపట్ల దగ్గర సూర్యలంక, మరునాడు కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. ఎంకయ్య మొదట రానన్నాడు. కూతురు అరుణశ్రీ హంసలదీవి సంగతి చెప్పింది.

"మన అలుగు నీళ్ళు వాగులకు పోతయ్. వాగు మూసిల, మూసి కృష్ణల. ఆ కృష్ణ ఆఖరుకు కలిసేది ఆడనే బాపు."

నలభై ఏళ్ళు పంపిన నీళ్ళు ఎక్కడికి చేరాయో చూడాలనిపించి ఎంకయ్య బండెక్కాడు.

ఓడరేవులో లైట్‌హౌస్‌నూ, ఒడ్డుకు లాగిన పడవలనూ చూసి మధ్యాహ్నానికి సూర్యలంక చేరారు. గుర్రాలు ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. మక్కకంకులు కాలుతున్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని ఎంకయ్య ఇసుకలో నిలబడ్డాడు. దూరంగా చూస్తూ కూతుర్ని అడిగాడు.

"అవతలి గట్టేది?"

"గట్టు లేదు బాపు."

"గట్టు లేకుంటే నీళ్ళెట్ల ఆగినయ్?"

నీలమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "నీరడి లేడు కావచ్చు. గందుకే గింత లొల్లి చేస్తున్నది" అంది.

ఎంకయ్య నవ్వలేదు. సరుగుడు పుల్ల ఒకటి ఏరి, అల చివర వచ్చి తాకే చోట గుచ్చాడు. అందరూ ఫొటోలు దిగి, కంకులు తిని వచ్చేసరికి అరగంట దాటింది. నీళ్ళు పుల్ల దాకా రావడం లేదు. నాలుగు మూరల అవతలే ఆగిపోతున్నాయి. ఎంకయ్య ముఖం తేటపడింది.

"ఎగురుతది, దుంకుతది గనీ పెరుగదు" అన్నాడు. "ఎండకు తగ్గుతున్నది. వాన లేంది నీళ్ళు యాడికెళ్ళి పెరుగుతయ్?"

"సముద్రానికి గూడ మామనే నీరడి" అన్నాడు జగదీశ్.

మరునాడు పొద్దున పదింటికి హంసలదీవి చేరారు. కృష్ణ కలిసే చోటుకు తీరం వెంట ఇసుక మీదే వెళ్ళాలి. కొంత దూరం పోయాక జగదీశ్ బండి ఆపాడు. అక్కడి నుంచి అర కిలోమీటరు నడక. నీలమ్మ మోకాళ్ళు పట్టేశాయి, తాను రానంది. వేరే బండ్లు రెండు పైన ఇసుకదిబ్బ మీద ఉన్నాయి.

"వాళ్ళు పైన వెట్టిండ్రు మామా. మనం గూడ ఆడనే పెడుదమా?"

ఎంకయ్య దిగి దిబ్బ మీద మడిమతో తన్నాడు. కాలు చీలమండ దాకా దిగింది. కిందికి వచ్చి తడి ఇసుక మీద తన్నాడు. సిమెంటు మీద తన్నినట్టుంది.

"గా మెత్తట్ల పెడితే దిగబడుతది. గట్టి నేల ఈడ."

"నీళ్ళు దగ్గరున్నయ్ గద?"

"ఇరవై గజాలున్నయ్. పెరుగయ్. పెట్టు."

జగదీశ్ పెట్టాడు. గాలి ధాటిగా ఉందని నీలమ్మ అద్దాలు మూయించుకుని మధ్య సీట్లో కాళ్ళు చాపుకుంది.

నది, సముద్రం కలిసే చోట ఎంకయ్య చాలాసేపు ఉండిపోయాడు. ఒక పక్క బురద రంగు, ఇంకో పక్క నీలం. దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "మన నీళ్ళు గూడ ఉప్పయినయ్" అన్నాడు. ఆ మాట రెండోసారి కూడా అన్నాడు. పోదామని జగదీశ్ అంటే, "జర ఆగు" అన్నాడు. గంటన్నర గడిచింది.

తిరుగుదారిలో అరుణశ్రీ ముందు నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగింది.

"బండేది?"

బండి ఉంది. దాని చుట్టూ ఇసుక లేదు. నీళ్ళున్నాయి. సముద్రం వైపు చక్రాల కింద ఇసుక కోసుకుపోయి బండి ఒక పక్కకు ఒరిగింది. అలలు అద్దాలను కొడుతున్నాయి.

"అవ్వా!" అని తల్లిని పిలుస్తూ అరుణశ్రీ పరుగెత్తింది.

ఎంకయ్య కదలలేదు. ఆకాశం చూశాడు. మబ్బు లేదు. మళ్ళీ నీళ్ళు చూశాడు. అప్పుడు పరుగెత్తాడు. చెరువులో మెడ లోతు దాకా వెళ్ళి తూము తీసిన మనిషి, ఇక్కడ మోకాలి లోతులో పడిపోయాడు. లేస్తే ఇంకో అల పడేసింది. కాళ్ళ కింద నేల జారిపోతోంది. నీళ్ళకు ఇంత బలం ఉంటుందని అతనికి తెలియదు.

దిబ్బ మీద నుంచి ఒక జాలరి, అతని వెనక ఇద్దరు తాడుతో దిగి వచ్చారు. "ఎవరయ్యా ఇక్కడ పెట్టింది? పోటొచ్చే టైములో బుద్ధున్నోడెవడైనా పెడతాడా?" అని అరుస్తూనే అతను ఎంకయ్యను చొక్కా పట్టి లేపి ఒడ్డుకు నెట్టాడు. అతని పేరు సాముయేలని తర్వాత తెలిసింది. పక్క తలుపు నీళ్ళ ఒత్తిడికి రాలేదు. జగదీశ్ వెనక తలుపు తాళం తీశాడు. తలుపు తెరిచి, సాముయేలు లోపలికి దూరి నీలమ్మను భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. సీటు మీద కూడా నీళ్ళున్నాయి.

ఆమెను దిబ్బ మొదట్లో కూర్చోబెట్టారు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఒక కాలికే చెప్పు ఉంది.

"వాన ఏడ పడ్డది?" అని ఎంకయ్య సాముయేలును అడిగాడు.

"వానెందుకు పెద్దాయనా? రోజుకి రెండుసార్లు వస్తాది, రెండుసార్లు పోతాది. మా తాతల కాడి నుంచీ ఇంతే." సాముయేలు తాడు చుట్టుకుంటూ చెప్పాడు. "ఇంకో పావుగంట ఆలస్యమైతే బండి బోర్లా పడేది. ఆవిడ లోపలే ఉండేది."

ఎంకయ్య వెళ్ళి నీలమ్మ పక్కన కూర్చున్నాడు. "నిద్రవోయినవా?" అన్నాడు.

"లే."

"మరి?"

"మొదాలు చక్రాల కాడికొచ్చినయ్. దిగుదునా అనుకున్న. మళ్ళ నువ్వు పెరుగయ్ అంటివి గద. పోతయ్ తియ్ అని కూసున్న. పాదాన్ మెట్టు మీదికొచ్చినయ్. అప్పుడు గూడ అట్లనే అనుకున్న."

"ఎంతసేపు చూసినవే?"

"చానసేపు."

ఆమె ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలేదు. జరిగింది చెప్పింది. దిగి నాలుగడుగులు వేస్తే ఒడ్డు. నలభై ఏళ్ళు ఊరంతా నమ్మిన మాటను పట్టుకుని, ఆమె పెరుగుతున్న నీళ్ళను చూస్తూ కూర్చుంది.

సాయంత్రం నీళ్ళు వెనక్కి పోయాక ట్రాక్టరు తెచ్చి బండి లాగుదామని సాముయేలు వెళ్ళాడు. జగదీశ్ ఒరిగిన బండినే చూస్తూ, అలవాటుగా అడిగాడు.

"ఎంతసేపట్ల తగ్గుతయ్ మామా?"

ఎంకయ్య నీళ్ళ వైపు చూశాడు. దగ్గర్లో సరుగుడు పుల్లలు చాలా పడి ఉన్నాయి. దేన్నీ తీసుకోలేదు.

"నాకు తెల్వది" అన్నాడు.

అరుణశ్రీ తల తిప్పి తండ్రిని చూసింది. నీలమ్మ కొంగు పిండుకుంటూ, "గా ముక్క పొద్దుగాల అంటే అయిపోతుండె గద" అంది. చెయ్యి చాపింది. "లేపు. జర పైకి పోదాం."

పైన ఇసుక మెత్తగా ఉంది, అడుగడుక్కూ కాళ్ళు దిగబడుతున్నాయి. సగం దూరంలో ఎంకయ్య ఆగి, ఇక్కడ కూర్చుందామన్నాడు.

"ఇంకా పైకి" అంది నీలమ్మ.

దిబ్బ కొసకు చేరేదాకా ఆమె ఎక్కడా ఆగలేదు. మోకాళ్ళ నొప్పి మాట ఎత్తలేదు.