గళ్లు తీసేసిన జాబితా

ఆసుపత్రిలో డేటాబేస్ చూసుకునే ఆయన్ని అందరూ గళ్లాయన అంటారు. ఏ జాబితా అయినా గళ్లు గీసి, వరసలు తీర్చి ఇవ్వకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఇంట్లో బట్టలు కూడా సైజుల వారీగా ఆరేస్తుంటే భార్య, "వాటికీ నంబర్లు వేస్తారా ఏమిటి?" అంటుంది. ఆయన నిజంగానే ఆలోచిస్తాడు.

కింది అంతస్తులో ఉండే టెలిఫోన్ ఆపరేటరుకు చూపు లేదు. ఏ డాక్టరు ఏ వార్డులో ఉన్నారో పొద్దున ఒక్కసారి వింటే చాలు, సాయంత్రం దాకా తడుముకోదు. ఆ జాబితాను గళ్లాయన రాసిన స్టోర్డ్ ప్రొసీజర్, అంటే డేటాబేస్‌లో ముందే రాసి దాచిన ఆదేశాల వరస, రోజూ తెర మీద చూపిస్తుంది. ఎవరో ఒక నర్సు వచ్చి ఆమెకు చదివి వినిపించాలి. కొత్త సూపరింటెండెంటుకు ఇది నచ్చలేదు. సోమవారం నుంచి ఆ సీట్లో చూపున్నవాళ్లను వేస్తానన్నాడు.

ఆ మాటకు గళ్లాయనకు ఒళ్లు మండింది. టెక్స్ట్ ఫైల్ ఇస్తే పైకి చదివి వినిపించే ఏర్పాటు ఆమె కంప్యూటర్లో ఉంది. ఈయన తెరే దానికి కొరుకుడు పడదు. ప్రొసీజర్ ఫలితం రోజూ ఏడింటికి టెక్స్ట్ ఫైల్‌గా ఆమెకు చేరేలా శుక్రవారం మధ్యాహ్నానికల్లా చేసేశాడు. గీతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. మురిసిపోతూ కిందికి దిగాడు.

"విను చెల్లమ్మా."

ఆమె మీట నొక్కింది. "డ్యాష్, డ్యాష్, డ్యాష్," అంది కంప్యూటర్. నూట ఇరవై డ్యాషుల తర్వాత ఒక డాక్టరు పేరు వచ్చింది. మళ్లీ డ్యాషులు.

ఆమె నవ్వాపుకోలేక బల్ల మీద తల వాల్చింది. "అన్నయ్యా, ఈ డ్యాష్ గారెవరు? అన్ని వార్డుల్లోనూ ఆయనే ఉన్నారు."

గళ్లాయన ముఖం మాడిపోయింది. కాసేపటికి ఆయనకూ నవ్వాగలేదు. పైకెళ్లి, తన కంప్యూటర్లోనూ ఆ చదివే ఏర్పాటు పెట్టుకుని, తెర ఆర్పేసి విన్నాడు. వెలిగించి దిద్దాడు. మళ్లీ ఆర్పి విన్నాడు. పందొమ్మిదేళ్లుగా తాను దిద్దిన అందమంతా కళ్లున్నవాళ్లకేనని తెలిసి సిగ్గుపడ్డాడు. గీతలన్నీ పీకేశాడు. జాబితా చివర మొత్తం వరసలెన్నో చెప్పే ముక్కా తీసేశాడు. వార్డు తర్వాత కామా, పేరు తర్వాత ఫుల్‌స్టాప్, అంతే మిగిల్చాడు. చూడ్డానికి పరమ వికారంగా ఉంది. వింటే మాత్రం పక్కింటివాళ్లు కబురు చెప్పినట్టుంది.

సోమవారం పొద్దున్నే సూపరింటెండెంటు ఆమె బదిలీ కాగితంతో వచ్చాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"పిల్లల వార్డాండీ? ఈరోజు పెద్ద డాక్టరమ్మ గారే ఉన్నారు. కలుపుతున్నాను."

ఆయన నర్సు కోసం అటూ ఇటూ చూశాడు. "ఈరోజు జాబితా ఎవరు చదివి పెట్టారమ్మా?"

"నేనే చదువుకున్నానండి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ గళ్లాయనకు కళ్లు చెమర్చాయి. పదకొండేళ్ల ఉద్యోగంలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.