అమ్మ తుడవని బూజు

ఈ వానలకు తోలు సంచికి తెల్లగా బూజు పట్టిందని మా మనవరాలు దాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే లాక్కుని, వాకిట్లో ఎండు గుడ్డతో తుడిచి, పొద్దుటి లేత ఎండలో ఆరబెట్టి, రెండు చుక్కల ఆముదం రుద్ది ఇచ్చాను. ముక్కు మూసుకునే మెచ్చుకుంది మహాతల్లి. ఆ ఆముదం వాసన నన్ను మాత్రం కల్వకుర్తి దగ్గరి మా ఊరికి, పోలీసు చర్య జరిగిన మరుసటి వానకాలానికి ఈడ్చుకుపోయింది.

మన తరానికి చెప్పాలా, అప్పట్లో ఇంట్లో తోలు వస్తువంటే పసిబిడ్డతో సమానం! మోట బొక్కెన, ఎడ్ల మెడపట్టీలు, బాపు చెప్పులు, అన్నిటికీ అమ్మ వానలకు ముందే ఆముదం పట్టించి, చెమ్మ తగలకుండా పొయ్యి మీది దూలానికి పొగలో వేలాడదీసేది. తోలుకు బూజు పట్టిందంటే ఆమెకు పరువు పోయినట్టే.

మా అన్న కమ్యూనిస్టుల సంఘంలో కలిసి అమ్రాబాద్ అడవికి పోతూ, అడుగు తీస్తే కిర్రుమనే చెప్పులు ప్రాణం మీదికి తెస్తాయని ఇంట్లోనే విడిచి, వట్టి కాళ్ళతో పోయాడు. అమ్మ వాటినీ నిగనిగలాడేట్టు చూసుకుంది. అదే కొంప ముంచింది. సోదాకు వచ్చిన సిపాయిలు, వాళ్ళ చేతులు పడిపోను, ఆ మెరుపు చూసి కొడుకు ఇంటికి వచ్చిపోతున్నాడని బాపును బండి చక్రానికి కట్టి కొట్టారు. మళ్ళీ వస్తామని, వాడి జాడ కనిపిస్తే బాపునే పట్టుకుపోతామని బెదిరించి పోయారు.

బాపు వీపుకు పసుపు పెడుతూ "నా చేతులు ఇరిగిపోను, నేనే కొట్టిచ్చిన" అని అమ్మ ఒకటే ఏడుపు. తర్వాత లేచి ఆ చెప్పులను చూరునీళ్ళు కారే గోడమూలన పడేసింది. కొన్ని వానలకే వాటిని తెల్లటి బూజు కమ్మేసింది. చూడలేక నేను గుడ్డ పట్టుకుపోతే, "ముట్టకు బిడ్డా, మీ బాపును కాపాడేది గా బూజే" అన్నది. అటు పోయినప్పుడల్లా తాను మొహం తిప్పుకునేది.

సిపాయిలు అన్నట్టే మళ్ళీ వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు చెప్పును కర్రతో తిరగేసి, అడుగునా బూజే ఉండటం చూసి, వీటిలో కాలు పెట్టి చాలా కాలమైందని నమ్మి వెళ్ళిపోయాడు. బాపు బతికిపోయాడు.

కొన్నేళ్ళకు పోరాటం ఆగింది, అడవికి పోయినవాళ్ళు ఒక్కొక్కరే ఊరు చేరారు, మా అన్న తప్ప. సోదాలు లేకపోయినా అమ్మ ఆ బూజు జోలికి పోలేదు. ఆ బూజు చాటున దాచిపెట్టుకోవడానికి కొడుకు ఇంకా ఉన్నాడని ఆమె ఆశ. ఒకనాడు అన్నతో పాటు అడవిలో తిరిగినాయన వచ్చి, అన్న జ్వరంతో అక్కడే పోయాడని చెప్పి, ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగలేక తల వంచుకుని వెళ్ళాడు. అమ్మ ఆముదం గిన్నె తెచ్చుకుని, ఆ చెప్పులను ఒళ్ళో పెట్టుకుని తుడవసాగింది. అన్న ఇక రాడని నాకప్పుడు తెలిసింది.

ఇప్పుడు బూజు పట్టకుండా సంచుల్లో ఏవో పొట్లాలు వేసి అమ్ముతున్నారు, పట్టినా పారేసి కొత్తది కొంటున్నారు. బూజును అడ్డం పెట్టుకుని బతకాల్సిన రోజులు పిల్లలకు లేవు, మంచిదే. మా అమ్మ మాత్రం కన్ను మూసేదాకా ఏ వానకాలంలోనూ ఆ చెప్పులకు చుక్కంత బూజు పట్టనివ్వలేదు.