పాటల సారు క్యాసెట్‌కు నేను తీసిన నకళ్లు

నేను చేసేది దొంగతనమని అప్పట్లో నాకు తెలియదని చెబితే అబద్ధమవుతుంది. తెలుసు. కాకపోతే దేవుడి పాటల విషయంలో దొంగతనం లెక్కలోకి రాదని మా ఇంట్లో అందరం కలిసి తీర్మానించుకున్నాం. దానికి తగ్గ వాక్యం కూడా మా నాన్న బైబిల్లో వెతికి పెట్టాడు. ఆయనకు దేనికైనా ఒక వాక్యం దొరికేది, కల్లు మానకపోవడానికి కూడా.

అవి ఎనభైలు. నేను డిగ్రీ చదువుతున్నాను. కాశిబుగ్గలో మా చర్చికి ఒక పాటల సారు ఉండేవాడు. నిజానికి ఆయన సారు కాదు, మగ్గం నేసేవాడు. నేస్తూ నేస్తూ పాటలు కట్టి, ఆదివారం మాకు నేర్పేవాడు, అలా సారు అయిపోయాడు. ఆయన పాటలు ఎనిమిది హైదరాబాద్ స్టూడియోలో రికార్డయి క్యాసెట్‌గా వచ్చాయి. కోరస్ మా చర్చి ఆడపిల్లలమే. అట్టమీద ఆయన పేరు అచ్చయింది. ఆ పేరును ఆయన వేలితో తడిమి చూసుకుంటుంటే నేను చూశాను. ఈ క్యాసెట్లు అమ్ముడుపోతే రెండోది చేద్దామని స్టూడియోవాళ్లు మాటిచ్చారు. రెండోదానికి పాటలు అప్పటికే నోట్‌బుక్‌లో సిద్ధంగా ఉన్నాయి. ఆ నోట్‌బుక్ బయటికి రావాలన్నదే ఆయనకున్న ఒకే ఒక్క ఆశ.

మేం ఒక క్యాసెట్ కొన్నాం, ఆ మాత్రం నిజాయితీ ఉంది. తర్వాత మా మేనత్త వర్ధన్నపేట నుంచి వచ్చి, విని, తనకూ కావాలంది. కొనుక్కో అత్తా అనాల్సింది. సొంత మనిషిని కొనుక్కోమంటే ఏం బాగుంటుందని ఖాళీ క్యాసెట్ తెప్పించాను.

మా టేప్‌రికార్డర్‌లో ఒక్క క్యాసెట్టే పట్టేది. అందుకని పక్కింటివాళ్లది అడిగి తెచ్చి, రెండింటినీ బొంతమీద ఎదురెదురుగా పెట్టి, ఒకదాంట్లో పాట వేసి రెండోదాంట్లో రికార్డు బటన్ నొక్కేదాన్ని. చుట్టుపక్కల ఏ చప్పుడు వచ్చినా అదీ ఎక్కుతుంది. కాబట్టి కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, నిండు ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. చర్చిలో కూడా మేం ఎప్పుడూ అంత భక్తిగా కూర్చోలేదు. మా అమ్మ ఒక్కతే వాకిట్లో ఉండిపోయింది. మూడో పాటలో, మేం కోరస్ పిల్లలం గొంతు బాగా తగ్గించి పాడే చోట, ఆవిడ కేకేసింది.

"ఆ కోడిని ఎల్లగొట్టుర్రే, బియ్యమంతా తింటాంది."

మళ్లీ మొదటి నుంచి రికార్డు చేద్దామంటే మా నాన్న నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. మేనత్తకు అదే ఇచ్చాం. ఆవిడ దగ్గర ఇంకొకరు, వాళ్ల దగ్గర మరొకరు నకలు తీసుకున్నారు. అడిగినవాళ్లకల్లా నేనూ తీసిచ్చాను. ప్రతి అట్టమీదా ముత్యాల్లాంటి అక్షరాలతో 'క్రైస్తవ పాటలు' అని రాసి, కింద ఒక గులాబీ గీసేదాన్ని. సారు పేరుకు జాగా సరిపోలేదు. గులాబీకి సరిపోయింది.

ఆ ఏడే మరిపెడలో సభలు జరిగితే మా చర్చి అంతా బస్సులో వెళ్లాం. సారు ఒక సంచి నిండా క్యాసెట్లు తెచ్చుకున్నాడు. జనం పోగవ్వాలని అక్కడివాళ్లు మైకులో పాటలు పెట్టారు. మా పాటలే. మేం మురిసిపోయాం. మూడో పాటలో కోరస్ తగ్గింది, కోడి సంగతి మరిపెడ మొత్తానికీ వినబడింది.

మా చర్చివాళ్ల తలలన్నీ మా అమ్మ వైపు తిరిగాయి. ఆవిడ ఏమాత్రం తొణకలేదు. కొంగు సర్దుకుని, పక్కన కూర్చున్నావిడతో తన గొంతు బాగానే పడిందని చెప్పింది. సారు మా అమ్మను చూసి, ఆ తర్వాత నన్ను చూశాడు. నేను నా కాలివేళ్లను చూసుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. పాటలు అయ్యాక అక్కడి పెద్దమనిషి ఒకాయన మైకు అందుకున్నాడు.

"ఇవి పాతకాలం పాటలు. ఎవలు కట్టిన్రో ఎవలకు తెల్వది."

సారు సంచి పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. 'నేను కట్టిన' అని ఆయన అనలేదు. మైకు దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది నేను, నేనూ వెళ్లలేదు. సాయంత్రం దాకా ఒక్క క్యాసెట్ కూడా అమ్ముడుపోలేదు. చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ తిప్పి చూసి, ఇది మా ఇంట్ల ఉన్నదే కదా అని ఎంతో మర్యాదగా తిరిగిచ్చారు.

మర్నాడు సారు ఇంటికి వెళ్లాను. నకళ్లన్నీ వెనక్కి తెప్పించి పేరు రాసిస్తానన్నాను. ఏ నకలు ఏ ఊళ్లో ఉందో దేవుడికే తెలియాలి, అయినా అన్నాను. ఆయన మగ్గం ఆపాడు.

"పాట పోతే పోనియ్యి బిడ్డా, పాడుకునేటందుకే కట్టిన. నా పేరేం బరువైంది నీకు?"

నాకు ఏడుపొచ్చింది. మా నాన్న వెతికిన వాక్యం ఒక్కటీ అక్కడ పనికిరాలేదు.

స్టూడియోవాళ్లు రెండో క్యాసెట్ మాట మళ్లీ ఎత్తలేదు. కొన్నాళ్లకు సారే నోట్‌బుక్, ఒక ఖాళీ క్యాసెట్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎట్లాగూ నకళ్లు తీసేది నువ్వే కదా, అసలుది కూడా నువ్వే తియ్యి అన్నాడు. నోట్‌బుక్ తెరిచి చూపించాడు. ప్రతి పాటకూ చివర కొత్తగా ఒక చరణం కలిపాడు, అందులో ఆయన పేరు, ఊరు ఉన్నాయి. అట్టమీద పేరైతే ఎగిరిపోతుంది, పాటలో నేసిన పేరును ఎవరు ఊడదీస్తారో చూద్దామని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

కిటికీలు మూసి బటన్ నొక్కాను. దేవుణ్ణి పిలిచే చరణాలు ఆయన గొంతెత్తి పాడాడు. చివరి చరణంలో తన పేరు దగ్గరికి వచ్చేసరికి సిగ్గుపడి, నోట్లోనే గొణిగేశాడు. నేను టేపు ఆపాను.

"సార్, మళ్ల పాడుర్రి. పేరు వినబడ్తలేదు."

ఆయన దగ్గి, మళ్లీ పాడాడు. మళ్లీ ఆపాను. ఆ మధ్యాహ్నం ఆయన చేత ఆ పేరు నాలుగుసార్లు పాడించాను.