మూడో సీసా

చేపల చెరువుల వాళ్ల పక్కన పొగ వాసన విస్కీ పెట్టుకుని కూర్చోకండి. కొల్లేటి వైపు వెళ్లదలచిన వాళ్లకు నేనివ్వగల మొదటి సలహా ఇది. రైలు టైమూ, టిఫినూ లాంటివి తర్వాత. జరిగింది జరిగినట్టు వరసగా చెబుతాను, సిగ్గుగానే ఉన్నా.

నేను తాడేపల్లిగూడెంలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. నాతో డిగ్రీ చదివిన రాంబాబుకి కొల్లేటి పక్కన చేపల చెరువులున్నాయి. మూడు రకాల సింగిల్ మాల్ట్ విస్కీలు ఎదురుగా పెట్టుకుని, వాటి పొగ రుచుల్లో తేడా చూడాలని ఇద్దరికీ ఏడాదిగా కోరిక. పీట్ అని, తడి నేలల్లో తవ్వి తీసే ఒక రకం గడ్డల పొగ మీద బార్లీని ఆరబెట్టి చేస్తారు వీటిని. పెద్ద సీసాలతో రైలెక్కడం కుదరదు, ఎవరైనా చూస్తే పరువు తక్కువ కూడాను. అందుకని కడిగిన దగ్గు మందు సీసాల్లో కాస్త కాస్త పోసి, ఒకటి, రెండు, మూడు అని చీటీలు అంటించాను.

ఉదయం ఏడుంబావుకి పాసింజరు. కిటికీ పక్కన సీటు దొరికింది. భీమడోలు దాటాక మూడో సీసా మూత వదులై సంచి కొంచెం తడిసింది. మూడింట్లో ఘాటైన వాసన దానిదే. ఎదుటి సీట్లో బక్కపలచటి మనిషి ముక్కు ఎగబీల్చి అడిగాడు.

"అయోడినాండీ? చెరువుల్లో చల్లేదేనా?"

నా పక్కనే పాత స్టూడెంట్ తండ్రి కూర్చుని ఉన్నాడు. అవునన్నాను. కొత్తగా వచ్చిన శాంపిలని కూడా అన్నాను.

అతని పేరు ఏడుకొండలు. ఇంటి వెనక సిమెంటు తొట్టిలో చేపపిల్లల్ని పెంచుతున్నాడట. వాటికి ఎర్ర మచ్చలొచ్చాయని ఇంటి నుంచి ఫోనొస్తే, చుట్టాల ఊరి నుంచి బయల్దేరాడు, దారిలో ఏలూరులో అయోడిన్ కొందామని. కౌలు చెరువులో వదలాల్సిన పిల్లలవి, అవి పోతే ఈ ఏడాదికి చెరువు ఖాళీ. ఒక్క శాంపిల్ ఇప్పించమని అడిగాడు. కాదంటే మాట పెరుగుతుంది, ఇచ్చేస్తే పీడ వదులుతుంది అనుకుని మూడో సీసా ఇచ్చేశాను. అంతటితో ఊరుకున్నానా? బకెట్ నీళ్లలో కలిపి తొట్టిలో చల్లమని, రెండు గంటల్లో తేరుకుంటాయని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఫోన్ నంబరు అడిగితే చివరి అంకె ఆరుకి బదులు ఏడు చెప్పాను.

ఎనిమిదింబావుకి ఏలూరు. ఏడుకొండలు నాకు టీ ఇప్పించి, షాపుకి వెళ్లే పని తప్పిందని సంతోషంగా అటునుంచటే ఇంటికి వెళ్లిపోయాడు. ఏ ఊరని నేను అడగలేదు. స్టేషన్ బయట పెసరట్టు ఉప్మా తిన్నాను, అల్లం పచ్చడి బాగుంది. గుడివాకలంక వైపు షేర్ ఆటోలో ముప్పావుగంట. రోడ్డుకి రెండు పక్కలా చెరువులే, నీళ్ల మీద గూడబాతులు. పదింటికి రాంబాబు చెరువు గట్టు మీది గదికి చేరాను.

రెండు చుక్కలు నీళ్లు కలిపి, నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి. మధ్యలో మరమరాలు నమిలితే నాలుక శుభ్రపడుతుంది. ఒకటోది బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులా ఉంది, వెనకాల తేనె తీపి. రెండోది కొబ్బరి పీచు పొగ, మింగాక మిరియాల ఘాటు చాలాసేపు ఉంది. నాకు ఒకటోది నచ్చింది, రాంబాబు రెండోదే మేలన్నాడు. తేల్చడానికి మూడోది తియ్యమన్నాడు. ఆస్పత్రి వాసనా, ఉప్పుగాలీ కలిసిన అసలు సరుకు అదే మరి.

అది ఎటు పోయిందో జోకులా చెప్పాను. రాంబాబు సగందాకా నవ్వి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏడుకొండలంటే మా గట్టవతల ఉండేవాడేరా. మచ్చలొచ్చాక అయోడిన్ పడకపోతే పూటపూటకీ పోతాయి పిల్లలు. పాఠాలు చెప్పినోడివి, నీకు తెలీదా?"

సీసాలో ఉన్నది అయోడిన్ కాదని నాకు కాక ఇంకెవరికి తెలుసు? రాంబాబు మూలనున్న అయోడిన్ డబ్బా అందుకున్నాడు. తాగి ఉన్నాం గనక బండి తియ్యకుండా, ఎండలో గట్టు వెంబడి నడిచి వెళ్లాం.

ఏడుకొండలు తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పళ్లెం నిండా చచ్చిన పిల్లలు, వేలెడేసి ఉన్నాయి. నన్ను చూడగానే లేచి నిలబడి, మంచినీళ్లు తెమ్మని భార్యని పిలిచాడు.

"రెండు గంటలన్నారు కదాని చూస్తా కూర్చున్నానండీ. మీకు ఫోన్ చేస్తే ఎవరో కసిరారండీ. రైలు చప్పుడులో నంబరు నేనే తప్పు వేసుకున్నట్టున్నాను."

సీసాలో ఉన్నది విస్కీ అని చెప్పాను. చెబుతున్నప్పుడు నా నోటి వాసనకి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. తిడతాడని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. అతను రాంబాబు చేతిలో డబ్బా అందుకుని తొట్టి వైపు తిరిగాడు. నంబరు సంగతి మాత్రం నా నోట రాలేదు. మేం బయల్దేరుతుంటే నంబరు మళ్లీ అడిగాడు. ఈసారి సరిగ్గా చెప్పాను.

"చివర ఆరాండీ. నేను ఏడు వేసుకున్నాను చూడండి," అంటూ దిద్దుకున్నాడు. రాంబాబు నావైపు చూశాడు. నేను కాలవ వైపు చూశాను.

తిరుగు రైలు సాయంత్రం ఐదున్నరకి. మిగిలిన విస్కీ రాంబాబు తన దగ్గర ఉంచుకోలేదు, రెండు సీసాలూ నా సంచిలోనే పెట్టేశాడు. దెందులూరు దాటుతుండగా ఫోన్ మోగింది.

"సగం దాకా పోయాయండీ. మిగతావి కాస్త తేరుకుని తిరుగుతున్నాయి. మీరు కంగారు పడుతుంటారని చేశానండీ. ఈసారి నంబరు సరిగానే వేసుకున్నాను."

మంచిదండీ అని పెట్టేశాను. గూడెం చేరడానికి ఇంకా నలభై నిముషాలుంది. నంబరు నేనే మార్చి చెప్పానని తిరిగి ఫోన్ చేసి చెప్పడానికి అది చాలినంత కంటే ఎక్కువ టైమే. ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాను. గూడెంలో దిగాను. చెయ్యలేదు.