చూస్తూ కూర్చునే మెకానిక్

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే గజేందర్ వచ్చీరాగానే స్క్రూడ్రైవర్ తీయడు. చేతులు కట్టుకుని కూర్చుని, "మీ పని మీరు చేస్కోండ్రి, నేను జర చూస్త" అంటాడు. ఒకరోజు అతను ఎల్బీ నగర్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి, అక్కడి రిసెప్షనిస్టు భానుప్రియ అప్పటికే ఏడుపు మొహంతో ఉంది. "కంప్యూటర్ ఊకె బందైతుందన్నా. నేనే ఖరాబు చేస్తున్ననని సార్ తిడుతుండు."

కాసేపటికి ఆమె కాలు బల్ల కిందున్న సీపీయూకి తగిలింది. అలవాటుగా వంగి దాన్ని తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది. ఆ వేళ్లు పడింది పవర్ బటన్ మీద. తెర నల్లబడింది.

గజేందర్ నవ్వలేదు. డాక్టరు బయటికొచ్చి అడిగితే, "బటన్ మెత్తగయ్యింది సార్, పిల్ల తప్పేం లేదు" అన్నాడు. దేవుడి పటం దగ్గరి కుంకుమ తెచ్చి, సీపీయూ పైన, బటన్‌కు దూరంగా బొట్టు పెట్టాడు.

"ఇగ ఈడ మొక్కు, చెల్లె."