జ్ఞానయ్య ఖాళీ చేసిన డ్రైవు

జ్ఞానయ్యకు ప్రశ్నలంటే పిచ్చి. నాచారంలో చంద్రయ్య ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా సీసపు అక్షరాలు ఏరి పేజీలు పేర్చిన కంపోజిటరు ఆయన. 1995 ఎండాకాలంలో చంద్రయ్య కంప్యూటరు కొన్నప్పుడు అందరూ తెర చూసి మురిసిపోతుంటే, ఈయన మాత్రం వెనక్కి వెళ్ళి డబ్బా సందుల్లోంచి తొంగిచూశాడు. "మరి అక్షరాలు ఏడ పెడతరు?" అని అడిగాడు.

చంద్రయ్యకు నవ్వు రాలేదు. "దసరా దాంక టైమిస్తున్న జ్ఞానయ్యా. ఈ సీసం టైపు మొత్తం తూకానికి అమ్మేస్త. ఆలోపల ఈ మిషన్ మీద ఏదన్న ఒక పని నేర్సుకో. లేకుంటె ఇద్దరికి జీతమియ్యలేను," అని మొహం మీదే చెప్పేశాడు. ఇద్దరంటే జ్ఞానయ్య, కాప్రా నుంచి వచ్చే కొత్త ఆపరేటరు తారామణి. యాభై రెండేళ్ళ వయసులో చిల్కానగర్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చే మనిషికి ఇంకెవరు పనిస్తారు?  కీబోర్డు చూస్తే చాలు, భయంతో ఆయన వేళ్ళు బిగుసుకుపోయేవి.

రెండో నెలలోనే ఆ మిషను మొండికేసింది. ఉప్పల్ నుంచి సర్వీసు ఇంజనీరు మోషే వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"అంత ఒక్కకాడనే కుప్ప జేసిన్రు. విండోస్ ఖరాబైతే మీ పని గూడ దాంతోనే పోతది," అని డిస్కంతా తుడిచేసి, దాన్ని మూడు భాగాలు చేయడం మొదలుపెట్టాడు. జ్ఞానయ్య స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

"నడుమ గోడ ఏడున్నది?"

"గోడ ఉండదన్నా. ఏ భాగం ఏడ మొదలైతది, ఏడ అయిపోతది అని డిస్కు మొదట్ల రాసి ఉంటది. గంతే."

"ఆ రాతను నమ్మి గీత దాటకుంట ఉంటదా?"

"ఉంటది."

"మనుషులకంటె నయమే," అన్నాడు జ్ఞానయ్య.

సి డ్రైవులో మిషను నడవడానికి కావలసిన ఫైళ్ళు. డి డ్రైవులో పేజీలు పేర్చే ప్రోగ్రాములు, ఫాంట్లు, చేతిలో ఉన్న పని. ఇ డ్రైవులో పూర్తయిన పనికి నకళ్ళు. ఈ ఏర్పాటు జ్ఞానయ్యకు ఇట్టే తలకెక్కింది. ఆయన అక్షరాలుంచే టైపు కేసులోనూ ఏ అక్షరం గడి దానిదే కదా! నకళ్ళు తీయడానికి కీబోర్డుతో పెద్దగా పనిలేదు, మౌసు చాలు. రోజూ సాయంత్రం పూర్తయిన పనిని ఇ లోకి చేర్చే బాధ్యత తనే అడిగి తీసుకున్నాడు. దసరాకు చూపించుకోవడానికి ఒక పని దొరికిందని సంబరపడ్డాడు. ఇ లో నకలు చేరగానే తారామణి డి లోది తీసేసేది. అలా ఆగస్టంతా సాఫీగా సాగింది.

అయితే కంపోజిటరుకు ఒక అలవాటు ఉంటుంది. అచ్చు అయిపోగానే పేర్చిన పేజీని విప్పి, అక్షరాలను తిరిగి వాటి గడుల్లో వేసేస్తాడు. విప్పకుండా ఉంచితే తర్వాతి పనికి అక్షరాలు చాలవు. అలా వదిలేసేవాణ్ణి ప్రెస్సులో సోమరిపోతు అంటారు. జ్ఞానయ్యను ఆ మాట ఎవరూ ఏనాడూ అనలేదు. సెప్టెంబరులో ఒక శనివారం అచ్చయిన పుస్తకాలన్నీ కట్టలు కట్టించి, చక్కగా మౌసు పట్టుకుని, ఇ డ్రైవు మొత్తం ఖాళీ చేసేశాడు. చేసి, తృప్తిగా ఇంటికి వెళ్ళాడు కూడా!

సోమవారం నాగోల్ పాస్టరుగారు వచ్చారు. సంఘం పాటల పుస్తకం ఐదు వందలూ నిన్ననే అయిపోయాయి, వచ్చే ఆదివారం కూటాలకు మరో ఐదు వందలు కావాలన్నారు. తారామణి ఇ డ్రైవు తెరిచి చూస్తే అందులో పొద్దున తాను వేసిన ఒక పెళ్ళికార్డు తప్ప ఏమీ లేదు.

"నెలరోజుల కష్టం! నిన్ను నమ్మి మిషను చేతికిస్తె గిట్లనా?" అని చంద్రయ్య ఆ పిల్ల మీద విరుచుకుపడ్డాడు.

జ్ఞానయ్యకు అప్పుడు అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. దసరా మూడు వారాల్లో ఉంది. కానీ తారామణి కళ్ళలో నీళ్ళు చూసి ఉండలేకపోయాడు.

"ఆమెను అనకు అన్నా. నేనే తీసేసిన. అచ్చయిపోయింది గద అని విప్పేసిన."

 తారామణి పరుగున వెళ్ళి మోషేకు ఫోను చేసింది. మోషే గంటలో వచ్చాడు.

"ఇ లో కొత్తగ ఏమన్న వేసిన్రా?"

"ఒక పెళ్ళికార్డు."

"ఇంకేం ముట్టకున్రి. తీసెయ్యమంటె మిషను ఫైళ్ళ పట్టీల దాని పేరు మొదటి అక్షరం కొట్టేసి, జాగా ఖాళీ అని గుర్తు పెట్టుకుంటది. దాని మీద ఇంకోటి రాసేదాంక లోపల సరుకు గట్లనే ఉంటది."

అంత గండంలోనూ జ్ఞానయ్య ఉండబట్టలేక అడిగాడు. "అంటె మిషను విప్పదా?"

"విప్పదన్నా. అంత ఒక్కకాడనే ఉంటె ఈపాటికి దాని మీద ఏవేవో రాసేసేది. భాగాలు వేరుగ ఉన్నయి గాబట్టి మిగిలింది."

ఒక్కొక్క ఫైలే తిరిగి వచ్చింది. చివరిదొక్కటే రాలేదు. పెళ్ళికార్డు దాని మీదే కూర్చుంది. ఆ పోయిన ఫైల్లో ఇరవై పాటలున్నాయి. తారామణికి రోజూ చీకటి పడేదాకా మిషను మీద వేరే పని ఉంది.

"అది నేను కొడత," అన్నాడు జ్ఞానయ్య.

ఆమె లేచాక, అచ్చయిన పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క వేలితో మొదలుపెట్టాడు. మొదటి పాటకే రెండు గంటలు పట్టింది.  అయినా మూడు రాత్రులు కుర్చీ వదల్లేదు. గురువారం ప్రూఫు చేతికొచ్చాక చంద్రయ్య కళ్ళజోడు పెట్టుకుని వెతికాడు. ఒక్క తప్పు దొరకలేదు. పైగా పాత పుస్తకంలో తారామణి వదిలేసిన ఏడు తప్పులు కూడా దిద్ది ఉన్నాయి.

"ఇగ ఆ ఇ డ్రైవు ఎవరు సూస్తరు?" అని అడిగాడు చంద్రయ్య.

"జ్ఞానయ్య మామనే సూడాలె," అంది తారామణి. "ఇంకోసారి నేనన్న తీసేస్త గని, ఆయన తియ్యడు."

చంద్రయ్య ప్రూఫు మడిచి జ్ఞానయ్య చేతిలో పెట్టాడు.

"దసరా ముచ్చట మర్శిపో," అన్నాడు.

జ్ఞానయ్య ఏదో అడగబోయాడు. ఆయనకు ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. ఆ కుర్చీలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.